తవాంగ్‌కి రెండు పర్మిట్లు

"మన దేశంలో ఊరికి మనం వెళ్లడానికి పర్మిషన్ ఏంటే?" అని మా అత్తగారు ఆశ్చర్యపోయారు. నిజానికి ఒకటి కాదు, రెండు కావాలి. అరుణాచల్ ప్రదేశ్‌లో అడుగుపెట్టడానికి ఇన్నర్ లైన్ పర్మిట్ (ఐఎల్‌పీ) ఒకటి, తవాంగ్ చేరాక చైనా సరిహద్దు మీదున్న బుమ్‌లా కనుమకి వెళ్లడానికి ఇంకొకటి. మొదటిది ఇంట్లో కూర్చుని ఫోన్‌లో తెచ్చుకోవచ్చు. రెండోది తవాంగ్ వెళ్లాకే, అదీ వాతావరణం బాగుంటేనే. మా విజయవాడలో తెలిసినవాళ్లు ఈమధ్య చాలామంది అడుగుతున్నారు కాబట్టి, ఎలా వెళ్లామో కాస్త వివరంగానే రాస్తున్నాను.

ఇన్నర్ లైన్ సంగతి బ్రిటిష్ వాళ్ల నాటిది. 1873లో వాళ్లు తెచ్చిన రెగ్యులేషన్ ఇంకా అమల్లో ఉంది. అప్పట్లో వాళ్ల లెక్కలు వాళ్లవి. ఇప్పుడైతే స్థానిక తెగల భూములూ ఉపాధీ బయటివాళ్ల చేతుల్లోకి పోకుండా అదే కాపు కాస్తోంది. అందుకే నాకు ఆ ఫారం నింపడం విసుగనిపించలేదు. అప్లికేషన్ ఆన్‌లైన్‌లోనే. ఫొటో, గుర్తింపు కార్డు, వెళ్లే తేదీలు, చూడబోయే జిల్లాలు అడుగుతుంది. మనిషికో అప్లికేషన్. తవాంగ్ వెళ్లే దారంతా వెస్ట్ కామెంగ్ జిల్లా మీదుగానే కాబట్టి ఆ రెండు జిల్లాల పేర్లూ పడేలా చూసుకోవాలి.

పేరు రాసే గడి దగ్గర మాత్రం మన తెలుగువాళ్లకి ఎప్పుడూ ఉండే తంటానే. నాన్న ఆధార్‌లో ఇంటిపేరు ఒక్క అక్షరం, మావారి కార్డులో ఇంటిపేరు పూర్తిగా, నాకు పెళ్లికి ముందుది. కార్డులో ఎలా ఉంటే అలాగే, ఇనీషియల్‌తో సహా కొట్టాం. ఇబ్బందేమీ రాలేదు. పర్మిట్లు వచ్చాక ఒక్కొక్కటీ నాలుగు ప్రింట్లు తీసి పెట్టుకున్నాం. ఫోన్‌లో పీడీఎఫ్ ఉంది కదా అనుకోకండి. దారిలో నెట్‌వర్క్ ఎక్కడ ఉంటుందో ఎక్కడ పోతుందో ఎవరికీ తెలీదు, పైగా రెండో పర్మిట్‌కి జిరాక్స్ కాపీలే అడుగుతారు.

అసలు ఈ ప్రయాణం నాన్న కోసం. ఆయన రిటైరైన సోషల్ మాస్టారు, డెబ్బై దాటాయి. చైనా యుద్ధం జరుగుతున్నప్పుడు ఎలిమెంటరీ స్కూల్లో ఉన్నారట. రక్షణ నిధికని పిల్లలంతా పైసలు తెచ్చి డబ్బాలో వేసేవాళ్లమనీ, తవాంగ్ పడిపోయిందని పెద్దవాళ్లు రేడియో దగ్గర చెప్పుకునేవాళ్లనీ మా చిన్నప్పటినుంచి చెబుతూనే ఉన్నారు. బయల్దేరేముందు డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తే, నిదానంగా ఎక్కితే తవాంగ్ వరకు ఫర్వాలేదు, బుమ్‌లా మాత్రం వద్దన్నారు. తవాంగ్ ఎత్తు పదివేల అడుగులు, బుమ్‌లా పదిహేనువేల పైమాట. "అంతదూరం వెళ్లి బోర్డర్ చూడకుండా రావాలా అమ్మాయ్?" అని నాన్న రెండ్రోజులు ముభావంగా ఉన్నారు. తర్వాత ఆయనే స్వెట్టర్లు సర్దుకోవడం మొదలుపెట్టారు.

హైదరాబాద్ నుంచి గువాహటికి విమానం, అక్కడినుంచి కారు. తేజ్‌పూర్ దాటాక భాలుక్‌పాంగ్ దగ్గర గేటు వస్తుంది. పర్మిట్, ఆధార్ చూసి, బండి నంబరు రాసుకుని వదిలేశారు. ఇంత టెన్షన్ పడింది దీనికా అనిపించింది. అక్కడినుంచి ఇక కొండదారే. ఈ దారిని బోర్డర్ రోడ్స్ వాళ్లు చూసుకుంటారు. ఎక్కడో ఒకచోట చరియలు విరిగిపడి ఉంటాయి, జేసీబీ మట్టి తోసేదాకా ఆగాల్సిందే. మ్యాప్‌లో చూపించే గంటల్ని నమ్మితే పని జరగదు.

రాత్రికి తవాంగ్ చేరిపోదామని ఆశపడేవాళ్లకి ఒక్క మాట. దిరాంగ్‌లో ఆగండి. దిరాంగ్ ఎత్తు ఐదువేల అడుగులకి అటూ ఇటూ ఉంటుంది. మర్నాడు దాటాల్సిన సేలా కనుమ 13,700 అడుగులు. ఒళ్లు అలవాటు పడకుండా ఎక్కితే తలనొప్పి, వాంతులు మొదలవుతాయి. దిరాంగ్ ఊరు కూడా ఊరికే పడుకుని లేచిపోయేది కాదు. నది ఒడ్డున పాత రాతి ఇళ్లు, దొడ్లలో కివీ తీగలు, కాస్త దూరంలో వేడినీటి బుగ్గ. పక్కనే ఉన్న సాంగ్తి లోయకి చలికాలంలో నల్లమెడ కొంగలు వస్తాయి. మేం వెళ్లింది అక్టోబరు చివర్లో, ఇంకా రాలేదు.

మర్నాడు ఉదయం సేలా. 2024 మార్చిలో ఇక్కడ సొరంగం తెరిచారు. అంతకుముందు మంచు పడిందంటే తవాంగ్‌కి దారి మూసుకుపోయేది. ఇప్పుడు ఏడాది పొడవునా రాకపోకలు సాగించొచ్చు. మంచి పనే. కానీ బళ్లు సొరంగంలోంచి పోతే పైనున్న సేలా సరస్సు కనిపించదు. మా డ్రైవరూ అటే తిప్పబోయాడు. పాత రోడ్డు మీదుగా వెళ్దామంటే అదనంగా డబ్బులన్నాడు. బేరం ఆడి ఇచ్చాం. మీరు బండి మాట్లాడుకునేటప్పుడే ఈ సంగతి తేల్చుకోండి.

పైన రంగురంగుల ప్రార్థన జెండాలు కట్టిన పెద్ద ద్వారం, దాని పక్కన ముదురు నీలం నీళ్లు, అంచులంట పలచగా గడ్డకట్టిన మంచు. నాన్నని పరుగులు పెట్టొద్దని హెచ్చరించి నేనే నాలుగడుగులు గబగబా వేసి ఆయాసపడ్డాను. పది నిమిషాల్లో మళ్లీ బండెక్కేశాం. ఆ ఎత్తులో ఫొటోల కోసం గంటలు గంటలు నిలబడటం మంచిది కాదు.

కనుమ దిగాక జస్వంత్‌గఢ్. 1962 నవంబరు 17న నూరానాంగ్ పోరులో 4వ గఢ్వాల్ రైఫిల్స్‌కి చెందిన జస్వంత్ సింగ్ రావత్ చనిపోయిన చోటు. ఆయనకి మరణానంతరం మహావీర చక్ర ఇచ్చారు. ఆయన ఇంకా డ్యూటీలోనే ఉన్నట్టు సైనికులు రోజూ పక్క సర్ది, బట్టలు ఇస్త్రీ చేసి, బూట్లు పాలిష్ చేసి పెడతారు. వచ్చినవాళ్లందరికీ టీ ఇస్తారు. నాన్న ఆ గాజు గ్లాసు పట్టుకుని గోడ మీద రాసిందంతా చదివి, మళ్లీ మొదటినుంచి చదివారు. డ్రైవర్ హారన్ కొట్టినా కదల్లేదు. ఇంకాస్త కిందికి దిగితే జాంగ్ దగ్గర నూరానాంగ్ జలపాతం. కింద చిన్న జలవిద్యుత్ కేంద్రం కూడా ఉంది. తుంపరకి జాకెట్లు తడిసిపోయాయి. చీకటి పడేసరికి తవాంగ్ చేరాం. అక్కడ అక్టోబరులో సాయంత్రం ఐదుకే చీకటి. మన టైమ్ ప్రకారం పెట్టుకున్న ప్లాన్లన్నీ కాస్త ముందుకి జరపాలి.

మేం దిగిన హోమ్‌స్టే ఇక్కడి మోన్పా తెగకి చెందిన ఒక కుటుంబానిది. ఇంటావిడ హిందీ మాట్లాడుతుంది. అరుణాచల్‌లో తెగతెగకీ భాష వేరు కాబట్టి అందరినీ కలిపేది హిందీయే. రాగానే వెన్న టీ ఇచ్చింది. అందులో చక్కెర ఉండదు, ఉప్పూ వెన్నా ఉంటాయి. "టీ అనుకోకుండా తాగితే బాగుందమ్మాయ్" అన్నారు నాన్న. బుమ్‌లా పర్మిట్ సంగతి అడిగితే ఆవిడే చెప్పింది. ఐఎల్‌పీ, ఆధార్ జిరాక్స్‌లు ముందురోజే డిప్యూటీ కమిషనర్ ఆఫీసులో ఇవ్వాలి, దాని మీద ఆర్మీ వాళ్ల స్టాంపు పడాలి. గువాహటి నుంచి వచ్చిన బండి అక్కడ పనికిరాదు, తవాంగ్ బండే మాట్లాడుకోవాలి. విదేశీయుల్ని బుమ్‌లాకి పంపరు. ఆ తిరుగుడంతా మామూలుగా లోకల్ డ్రైవర్లే చూసుకుంటారు. మనం కాగితాలూ డబ్బులూ ఇస్తే చాలు.

కాగితాలు ఇచ్చాం. ఆ రాత్రే పైన మంచు పడింది. పొద్దున్నే డ్రైవర్ ఫోన్ చేసి ఇవాళ బళ్లు వదలట్లేదన్నాడు. మర్నాడూ అదే మాట. మా పక్క గదిలో దిగిన కుర్రాళ్లు బుమ్‌లా లేకపోతే ఇక్కడ ఇంకేముందని బ్యాగులు సర్దుకుని వెళ్లిపోయారు. నాకు నిజంగా జాలేసింది. ఎందుకంటే తవాంగ్‌లో చూడాల్సింది తవాంగే.

ముందు ఆరామం. 1680-81లో మెరాగ్ లామా లోద్రె గ్యాత్సో కట్టించాడు. చోటు కోసం వెతుకుతూ ధ్యానంలో ఉండగా ఆయన గుర్రం తప్పిపోయిందనీ, వెతికితే ఈ కొండ మీద దొరికిందనీ, అదే శుభసూచకమని ఇక్కడే కట్టాడనీ చెబుతారు. దేశంలోకెల్లా పెద్ద బౌద్ధారామం ఇదే. లోపల వీధులున్నాయి, భిక్షువులు ఉండే ఇళ్లున్నాయి, పొద్దున్నే పొగ వచ్చే వంటిళ్లున్నాయి. ప్రార్థన మందిరంలో చాలా ఎత్తైన బుద్ధుడి విగ్రహం. ముఖం సరిగ్గా చూడాలంటే తల బాగా పైకెత్తాలి. తెల్లవారుజాము ప్రార్థనకి వెళ్లండి. ఎర్ర వస్త్రాల్లో చిన్నపిల్లలు వరసగా కూర్చుని చదువుతుంటారు. ఒకడు నిద్రకి తూలుతుంటే పక్కవాడు మోచేత్తో పొడిచాడు, పైకి మాత్రం ఇద్దరి గొంతూ ఆగలేదు. ముగ్గురు కొడుకులున్న ఇంట్లో నడిమివాణ్ణి ఆరామానికి ఇవ్వడం మోన్పాల పాత ఆనవాయితీ.

ప్రార్థన అయ్యాక ఒక పెద్ద భిక్షువు ఎక్కడినుంచి వచ్చారని హిందీలో అడిగారు. ఆంధ్రా అని ఊరుకోబోతూ, అమరావతి దగ్గర అని కలిపాను. ఆయన ముఖం వెలిగిపోయింది. 2006 జనవరిలో దలైలామా అమరావతిలో కాలచక్ర అనే బౌద్ధ దీక్ష జరిపినప్పుడు ఆయనా వచ్చారట. బుద్ధుడు కాలచక్రం బోధించింది ధాన్యకటకంలో, అంటే మన అమరావతిలోనేనని టిబెటన్ బౌద్ధులు నమ్ముతారు. మాకేమో అది ఆదివారం పూట కారేసుకుని వెళ్లొచ్చే చోటు. కృష్ణలో నీళ్లు బాగున్నాయా అని అడిగారు ఆయన. ఏం చెప్పాలో తోచక బాగున్నాయన్నాను.

ఊరికి దగ్గర్లోనే ఉర్గెలింగ్ గొంపా, అంటే ఇంకో ఆరామం, ఉంది. ఆరో దలైలామా త్సాంగ్యాంగ్ గ్యాత్సో 1683లో పుట్టిన చోటు. చాలా చిన్నది, జనమే ఉండరు. ప్రేమ కవితలకి పేరుపడ్డ దలైలామా ఆయన ఒక్కడే. రెండో రోజు ముక్తో ఊరు వెళ్లాం, మోన్ షుగు కాగితం చేయడం చూడాలని. షుగు షెంగ్ అనే పొద బెరడుని బూడిద కలిపి ఉడకబెట్టి, దంచి, ఆ గుజ్జుని నీళ్ల మీద ఉంచిన బట్ట చట్రంలో పోస్తారు. ఒకామె వేళ్లతో దాన్ని నలుపక్కలా సమంగా సర్ది, చట్రం మెల్లగా పైకెత్తి, నీరు ఓడ్చి, ఎండకి నిలబెట్టింది. ఆరాక అంచు పట్టుకుని ఒలిచింది. ఆత్రేయపురం పూతరేకు కుండ మీంచి లేచి వచ్చినట్టే వచ్చింది, కానీ లాగితే చిరగదు. బౌద్ధ గ్రంథాలు రాసేది ఈ కాగితం మీదే. పురుగు పట్టదట. ఇది కనుమరుగైపోయే దశకి వస్తే 2020 చివర్లో ఖాదీ కమిషన్ వాళ్లు తవాంగ్‌లో మళ్లీ ఒక యూనిట్ పెట్టారు. నేను నాలుగు తావులు కొన్నాను.

మంచు తెరిపిచ్చాక మాకు స్టాంపు పడింది. నాన్నని హోమ్‌స్టేలో వదిలి నేనూ మావారూ వెళ్లాం. దారిపొడవునా పాత బంకర్లు, సగం గడ్డకట్టిన సరస్సులు, మిలటరీ లారీలు. బుమ్‌లాలో నేను చూసింది ఒక షెడ్డూ, ఒక గీతా, అవతల అచ్చం ఇవతల ఉన్నలాంటి కొండలూ. అటువైపు కెమెరా తిప్పొద్దన్నారు. గాలికి చెవులు నొప్పి పెట్టాయి. దానికంటే సాంగెత్సర్ సరస్సు నాకు బాగా నచ్చింది. భూకంపంలో ఏర్పడిన సరస్సు అది. మునిగిపోయిన అడవి తాలూకు మోడులు ఇప్పటికీ నీళ్లలోంచి నిలువుగా పైకి లేచి ఉంటాయి. మాధురీ దీక్షిత్ మీద ఓ హిందీ పాట తీశాక అంతా మాధురీ లేక్ అనడమే మొదలుపెట్టారు.

తిరిగొచ్చేసరికి నాన్న గదిలో లేరు. యుద్ధ స్మారకం దగ్గర దొరికారు. నలభై అడుగుల స్తూపం, చుట్టూ నల్లరాతి పలకల మీద కామెంగ్ సెక్టారులో చనిపోయిన 2,420 మంది పేర్లు. ఆ పేర్ల ముందు ఒక కుర్ర జవానుతో కబుర్లాడుతున్నారు. అతనిది శ్రీకాకుళం వైపు పల్లె. "ఏటి మాస్టారూ, ఈ వయసులో ఇంత దూరం వచ్చేసినారేటి?" అంటున్నాడు. నాన్న అతనికి డబ్బాలో పైసలు వేసిన కథ చెప్పేశారప్పటికే. బుమ్‌లా ఎలా ఉందని మమ్మల్ని మాటవరసకైనా అడగలేదు.

వచ్చాక మా తమ్ముడు ఫోన్ చేసి, నాలుగు రోజుల్లో అయిపోతుందా అక్కా అని అడిగాడు. కాదు. గువాహటి నుంచి గువాహటికి ఎనిమిది రోజులు పెట్టుకో, అందులో రెండు రోజులు మంచుకీ చరియలకీ వదిలెయ్. రిటర్న్ టికెట్ తవాంగ్ నుంచి దిగిన మర్నాటికే బుక్ చెయ్యకు. బుమ్‌లా కాగితాలు వెళ్లిన రోజే ఇచ్చెయ్. అన్ని రోజులు సెలవు దొరక్కపోతే షిల్లాంగ్ వెళ్లు, దానికి ఐఎల్‌పీ కూడా అక్కర్లేదు.