జింక వేటకు ఏ తూటా?

వనస్థలిపురంలో మా ఇల్లు మహావీర్ హరిణ వనస్థలికి దగ్గర. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ఇక్కడ జింకను చూసి మురిసిపోవాలే తప్ప వేటాడరాదు. టెక్సస్‌లో లైసెన్సు తీసుకుని తెల్లతోక జింకలను వేటాడే మా బావగారు మొన్న వీడియో కాల్‌లో రెండు తూటాలు చూపించి, ఏది మంచిదని అడిగారు. కాగితం మీద తప్ప దేని మీదా గురిపెట్టని నన్ను అడగడం వింతే.

ఒక తూటాకు రాగి తొడుగు కొనదాకా మూసుకుని ఉంది. రెండోదాని కొనలో బూడిదరంగు సీసం కనిపిస్తోంది. మొదటిది విచ్చుకోకుండా సన్నని రంధ్రం చేసి దూసుకుపోతుంది కనుక, జింక చాలా దూరం పరుగెత్తి బాధపడుతూ చచ్చే ప్రమాదం ఉంది. అందుకే అమెరికాలో పలు రాష్ట్రాలు వేటలో దాన్ని నిషేధించాయి. రెండోది తగలగానే పుట్టగొడుగులా విచ్చుకుంటుంది.

ఆయన తుపాకీలో వాడేది 1952లో వచ్చిన .308 విన్‌చెస్టర్ రకం తూటా. దానికి 150 గ్రెయిన్ల గుండు, అంటే సుమారు 9.7 గ్రాములు, ధారాళంగా సరిపోతుంది. 180 గ్రెయిన్ల గుండు మీద మోజు అనవసరం. అయితే సీసపు తునకలు గాయానికి దూరంగా కూడా మాంసంలో మిగిలిపోవచ్చు. ఆ మాంసం పిల్లలు తింటారు కనుక, ధర ఎక్కువైనా, ఆ రెండూ కాక, లోపల కూడా సీసం లేని, విచ్చుకునే పూర్తి రాగి గుండే కొనమన్నాను. కాలిఫోర్నియాలో 2019 జూలై నుంచి వేటకు సీసం వాడకూడదు.

తూటా మారితే గుండు తగిలే చోటూ మారుతుంది కాబట్టి, వంద గజాల దూరంలో కాగితం పెట్టి మళ్లీ గురి సరిచూసుకోమన్నాను. దానికి మాత్రం ఆయన బద్ధకిస్తారని వెనక నుంచి అక్క అంది.