బుడగ చాపం చూడటం నేర్పిన ప్రయోగశాల

మన విభాగంలో పరిశోధన విద్యార్థిగా నేర్చుకున్న పద్ధతులన్నిటిలో నాకు అత్యంత ప్రియమైనది ద్విపరిమాణ జెల్ ఎలక్ట్రోఫోరెసిస్, అంటే డీఎన్ఏ ముక్కలను జెల్‌లో విద్యుత్తుతో రెండు దిశల్లో నడిపి వేరుచేసే పద్ధతి. యీస్ట్‌లో డీఎన్ఏ ప్రతికృతి (నకలు తయారవడం) ఎక్కడ మొదలవుతుందో వెతకడానికి 1979లో స్టించ్‌కోంబ్, స్ట్రూల్, డేవిస్ ఒక దారి చూపారు. ఏ డీఎన్ఏ ముక్కను చేర్చితే ప్లాస్మిడ్ (చిన్న వలయాకార డీఎన్ఏ) క్రోమోసోమ్‌లో కలవకుండానే కణంలో స్వతంత్రంగా ప్రతికృతి చెందుతుందో, దానికి ఏఆర్ఎస్ (స్వతంత్రంగా ప్రతికృతి చెందే వరుస) అని పేరు. అయితే ప్లాస్మిడ్‌లో పనిచేసే ముక్క క్రోమోసోమ్‌పై తన సహజ స్థానంలోనూ ప్రతికృతిని ఆరంభిస్తుందన్న హామీ లేదని మా గురువుగారు తరచూ హెచ్చరించేవారు. ఆ సందేహాన్ని తీర్చగలిగింది 1987లో బ్రూయర్, ఫాంగ్‌మన్ ప్రకటించిన ఈ జెల్ పద్ధతే.

ప్రతికృతి జరుగుతున్న అణువులు ఏ క్షణంలోనైనా బహు స్వల్పం కాబట్టి, ముందుగా కణాలన్నిటినీ ఒకే దశకు తెచ్చేవాళ్ళం. ఎదుటి సంయోగ రకం కణాలు స్రవించే ఆల్ఫా ఫ్యాక్టర్ అనే పెప్టైడ్ కలిపితే కణాలు డీఎన్ఏ ప్రతికృతికి ముందుండే జీ1 దశలో ఆగిపోతాయి. సూక్ష్మదర్శినిలో మొగ్గలున్న కణాలు దాదాపు కనుమరుగయ్యేదాకా వేచి ఉండి, దాన్ని కడిగివేస్తే అవన్నీ ఇంచుమించు ఒకేసారి ప్రతికృతి జరిగే ఎస్ దశలో ప్రవేశిస్తాయి. అక్కడినుంచి నిర్ణీత వ్యవధుల్లో నమూనాలు తీసి, కణాల పనిని ఆపే సోడియం ఎజైడ్ కలిపి, వెంటనే మంచులో ఉంచేవాళ్ళం.

డీఎన్ఏను నిర్దిష్ట స్థానాల్లో కోసే రెస్ట్రిక్షన్ ఎంజైమ్‌తో కోశాక, పలుచని అగరోజ్ జెల్‌లో తక్కువ ఓల్టేజీతో నడిపితే ముక్కలు ముఖ్యంగా ద్రవ్యరాశిని బట్టి విడిపోతాయి. ఆ వరుసను కోసి, అడ్డంగా తిప్పి, డీఎన్ఏకు అంటుకునే ఇథిడియం బ్రోమైడ్ అనే రంగు ఉన్న చిక్కని జెల్‌లో ఎక్కువ ఓల్టేజీతో నడిపినప్పుడు, ఈసారి ఆకారం ప్రధానమై, శాఖలున్న అణువులు వెనుకబడతాయి. సదరన్ బ్లాట్ చేసి (జెల్‌లోని డీఎన్ఏను పొరపైకి మార్చి), మనకు కావలసిన ముక్కకే అతుక్కునే రేడియోధార్మిక ప్రోబ్ కలిపిన తరువాత ఫిల్ముపై చాపాలు తేలేవి: ప్రతికృతి ముక్క నడుమ మొదలైతే బుడగ చాపం, బయట మొదలైన ఫోర్క్ (ప్రతికృతి సాగుతూ కదిలే చీలిక) ముక్కను దాటిపోతే దానికన్నా దిగువన, ఆంగ్ల Y ఆకారపు అణువులతో వై చాపం. నేడు సీక్వెన్సింగ్ (డీఎన్ఏ అక్షరక్రమాన్ని చదవడం) యీస్ట్ 16 క్రోమోసోముల ప్రతికృతి క్రమాన్నీ ఒకేసారి తెలుపుతుంది, కానీ అణువు ఆకారాన్ని ఇంత నేరుగా చూపే శక్తి ఈ జెల్‌కే ఉందని నా నమ్మకం.

ఆరంభస్థానం ముక్క చివరకు దగ్గరగా ఉంటే బుడగ ఒకవైపు త్వరగా తెరుచుకొని వై ఆకారంలోకి మారిపోతుంది. అందుకే ఒక్క ఎంజైమ్‌తో వచ్చిన వై చాపాన్ని చూసి అక్కడ ఆరంభస్థానం లేదని తేల్చడానికి గురువుగారు ఒప్పుకునేవారు కాదు. పరీక్షిస్తున్న డీఎన్ఏ భాగం ముక్క నడుమకు వచ్చేలా మరో ఎంజైమ్ ఎంచుకొని, జెల్ మళ్ళీ నడపమనేవారు.