నేను కడిగిన బండ్లే

ఏజెంటు చెప్పింది మెకానిక్ పని. దిగాక చేతికిచ్చింది నీళ్ల గన్.

ఇసుక దిబ్బల మీద టూరిస్టులను తిప్పే క్యాంపు మాది. 22 ఏటీవీలు (లావు టైర్ల నాలుగు చక్రాల బండ్లు) ఉండేవి. ఇక్కడ వాటిని అందరూ క్వాడ్ అనే అంటారు. పొద్దున ఎర్రగా, పచ్చగా వెళ్లిన బండ్లు సాయంత్రం అన్నీ ఒకే బురద రంగులో తిరిగొచ్చేవి. దిబ్బల మధ్య ఉప్పునీటి మడుగులున్నాయి. అటు పోవద్దని చెప్పి పంపితే సరిగ్గా అటే తోలేవాళ్లు. బండి వచ్చి ఆగీ ఆగకముందే నేను ప్రెజర్ వాషర్ పట్టుకుని మొదలుపెట్టేవాణ్ణి. బురద బాగా గట్టిపడేది చక్రం మధ్యలో, హబ్ చుట్టూ. అక్కడ నాజిల్‌ను జానెడు దూరంలో పెట్టి కొడితే పెచ్చులు పెచ్చులుగా ఊడిపోయేది. మేనేజరు అటుగా వెళ్తూ బొటనవేలు ఎత్తి చూపించేవాడు. భాష రాని చోట ఆ వేలే మనకు సర్టిఫికెట్. దానికోసం ఇంకా దగ్గరగా, ఇంకా గట్టిగా కొట్టేవాణ్ణి.

నాలుగు నెలలకు షెడ్డులో హెల్పర్ కావాల్సి వచ్చి నన్ను లోపలికి పంపారు. మెకానిక్‌ను అందరూ ఉస్తాద్ అంటారు, నేనూ అలాగే పిలిచాను. ఆయనది వేరే దేశం. మా ఇద్దరికీ కలిసే మాటలు ముప్పయ్యో నలభయ్యో ఉంటాయి. ఓకే, ఖరాబ్, పకడో, స్లో. వీటితోనే రోజు గడిచేది.

మొదట విప్పింది 9వ నంబరు బండి. మలుపు తిరిగేటప్పుడు ముందు ఎడమ చక్రం దగ్గర మూలుగు వస్తోందని గైడు చెప్పాడు. కుడికి తిప్పితే పెరుగుతోంది, ఎడమకు తిప్పితే తగ్గుతోంది. మలుపులో బరువంతా బయటివైపు చక్రం మీద పడుతుంది కాబట్టి అరిగిన బేరింగ్ అప్పుడే అరుస్తుందని నాకు తర్వాత తెలిసింది. ఉస్తాద్ ముందుభాగాన్ని స్టాండు మీదకు ఎత్తాడు. టైరును పైన ఒక చేత్తో, కింద ఒక చేత్తో పట్టుకుని ముందుకూ వెనక్కూ ఆడించాడు. టుక్కు టుక్కు మంది. నేను 'ఖరాబ్' అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపి, టైరు నా చేతికిచ్చి ఆడించమని, తను టార్చి వేసి వెనక్కి వంగి చూశాడు. చక్రం ఆడినంత మాత్రాన తప్పు బేరింగ్‌దే కానక్కర్లేదు. బాల్ జాయింట్ (చక్రం వైపు భాగాన్ని సస్పెన్షన్‌కు కలిపే గుండ్రటి కీలు) పోయినా పైకీ కిందికీ ఆడుతుంది. పక్కలకు మాత్రమే ఆడితే టై రాడ్ (స్టీరింగు నుంచి చక్రానికి వెళ్లే కడ్డీ) చివర చూసుకోవాలి. హబ్ కదులుతూ నకుల్ (బేరింగులు కూర్చునే లోహపు ముక్క) కదలకుండా ఉంటేనే అది బేరింగ్. ఇదంతా ఆయన ఒక్క మాట లేకుండా వేలితో చూపించాడు.

తర్వాత నా చేయి తీసుకెళ్లి సస్పెన్షన్ స్ప్రింగు మీద పెట్టించి, చక్రాన్ని చేత్తో గిర్రున తిప్పాడు. చెవికి పెద్దగా ఏమీ వినిపించలేదు. వేళ్లకు మాత్రం తిరగలి తిరుగుతున్నట్టు గరగర తెలిసింది. కుడి చక్రం స్ప్రింగు మీద చేయి పెడితే అది నిశ్శబ్దంగా ఉంది. ఇప్పటికీ కొత్త బండి దగ్గరికి వెళ్తే ముందు స్ప్రింగు మీద చేయి వేయడం నాకు అలవాటు.

చక్రం తీసి, బ్రేక్ కాలిపర్‌ను తీగతో పైకి కట్టి (గొట్టానికి వేలాడదీస్తే ఆయన చేతిలో స్పానర్ నా వైపు చూసేది), నట్టు వదులు కాకుండా పట్టే స్ప్లిట్ పిన్ లాగి, యాక్సిల్ నట్టు విప్పి హబ్ బయటికి తీశాం. నకుల్ ఊడబెరికి బల్ల మీద పెట్టాక ఆయన స్క్రూడ్రైవర్ మొనతో ఆయిల్ సీల్‌ను (బేరింగ్‌లోకి నీళ్లు పోకుండా ఆపే రబ్బరు రింగు) ఎత్తాడు. లోపల గ్రీజు ఉండాల్సిన చోట సున్నం కలిపినట్టు తెల్లటి జిగురు, దాని కింద తుప్పు రంగు నీళ్లు. కొన్ని చుక్కలు బల్ల మీద పడ్డాయి. ఆయన వాటిని చూశాడు, నన్ను చూశాడు. గోడకు వేలాడుతున్న వాషర్ గన్ వైపు వేలు చూపించి, నోటితో 'ష్‌ష్‌ష్' అన్నాడు. ఆ వేలినే తెచ్చి సీలు పెదవి మీద పెట్టాడు.

అర్థం కాలేదంటే అబద్ధం. మెడ వెనక వేడెక్కింది.

సీలు రబ్బరు పెదవి బురద చిమ్మినా, చక్రం కాసేపు నీళ్లలో మునిగినా అడ్డుకోగలదు. జానెడు దూరం నుంచి గురిపెట్టి కొట్టే ధారకు ఆ పెదవి తెరుచుకుంటుంది. దానికి తోడు ఇంకొకటి. దిబ్బలు ఎక్కి దిగి వచ్చిన హబ్ వేడిగా ఉంటుంది. దాని మీద చల్లని నీళ్లు పడగానే లోపలి గాలి కుంచించుకుని బయటిదాన్ని లోపలికి పీలుస్తుంది. ఆ క్షణంలో చుట్టూ ఉన్నది నీళ్లే, అందులోనూ ఉప్పు, సన్న ఇసుక కలిసిన నీళ్లు. వేడి మీద మడుగులో దిగినప్పుడు జరిగేదీ ఇదే. కాకపోతే టూరిస్టు మడుగులో ఒకసారి దింపుతాడు, నేను ప్రతి సాయంత్రం, నాలుగు చక్రాలకూ, శ్రద్ధగా చేశాను. ఆ సీజన్లో మేం మార్చిన బేరింగులు చాలావరకు నేను మెరిపించిన బండ్లవే.

బేరింగ్ జారకుండా పట్టే సర్క్లిప్ తీశాక బేరింగ్ కొడితే రావాలి. బాల్స్ దొర్లే రింగులను రేసులంటారు. ఆ రోజు లోపలి రేసు, బాల్స్ మాత్రం ఊడి చేతిలోకి వచ్చాయి, బయటి రేసు తుప్పుతో నకుల్‌ను కరుచుకుని అక్కడే ఉండిపోయింది. వెనక అంచు అడ్డం, కొట్టి తీసే కడ్డీ, డ్రిఫ్ట్ పెట్టడానికి చోటు లేదు. నేను ఉలి తీసుకున్నాను. నకుల్ అల్యూమినియం, గీత పడితే కొత్త బేరింగ్ సరిగా కూర్చోదు. ఉస్తాద్ నా చేతిలోంచి ఉలి లాక్కుని, వెల్డింగ్ మిషన్ తెచ్చి, రేసు లోపలి గోడ చుట్టూ ఒక వరస వెల్డింగ్ గీశాడు. ఇద్దరం కూర్చున్నాం. ఆయన పొగ తాగాడు. నకుల్‌ను తిరగేసి బల్లకు చిన్నగా తట్టాడు, రేసు టక్కున రాలి దొర్లుకుంటూ వెళ్లింది. వెల్డింగ్ చల్లారుతూ లోపలికి లాగడంతో రింగు వ్యాసం కాస్త తగ్గింది, అంతే. పదేళ్లు ఐటీఐ చదివినా నాకు తట్టేది కాదు.

పాత బేరింగ్ తుడిచి అంచు మీద అంకెలు చూపించాడు. 6205. చివరి రెండు అంకెలను 5తో గుణించాలి, 25 మిల్లీమీటర్ల రంధ్రం. 04 నుంచి పైకి ఈ లెక్క నడుస్తుంది. 00, 01, 02, 03కు మాత్రం 10, 12, 15, 17 అని బట్టీ పట్టాలి. 6205కు బయటి కొలత 52, మందం 15. అంకెల తర్వాత 2ఆర్ఎస్ అని ఉంటే రెండు వైపులా రబ్బరు సీళ్లు. సీ3 అంటే లోపల ఖాళీ మామూలుకంటే కాస్త ఎక్కువ. ఈ దేశంలో బోర్డులు చదవలేను, బ్యాంకు కాగితం చదవలేను. బేరింగ్ అంచు మీద రాసింది మాత్రం ఏ దేశంలో చేసిందైనా గడగడా చదివేస్తాను. ఆ రాత్రి డబ్బాలన్నీ దింపి చదువుకుంటూ కూర్చున్నాను. పక్క మంచం వాడు పిచ్చి పట్టిందనుకున్నాడు.

కొత్త బేరింగులు ముందు రోజు రాత్రి నుంచీ డీప్ ఫ్రీజర్‌లో ఉన్నాయి. నకుల్‌ను హీట్ గన్‌తో వేడి చేశాం. ఉక్కు రింగు 40 డిగ్రీలు చల్లబడితే 52 మిల్లీమీటర్లలో తగ్గేది మిల్లీమీటరులో నలభయ్యో వంతు. అల్యూమినియం 80 డిగ్రీలు వేడెక్కితే అంతే వెడల్పు రంధ్రం దాదాపు మిల్లీమీటరులో పదో వంతు పెరుగుతుంది. చూస్తే కనిపించేది కాదు. కానీ రోజంతా సుత్తితో కొట్టాల్సింది చేత్తో నొక్కితే కూర్చుంటుంది, వేడి దిగకముందే పెట్టేస్తే.

రెండోది నన్ను పెట్టమన్నాడు. తడబడ్డాను, వేడి దిగింది, సగంలో వంకరగా ఆగింది. కంగారులో చేతికందిన చిన్న సాకెట్ పెట్టి సుత్తితో కొట్టాను. అది ఆనింది లోపలి రేసుకు. బేరింగ్ కూర్చుంది, నాకు సంతోషమేసింది. ఉస్తాద్ వేలు పెట్టి లోపలి రేసును మెల్లగా తిప్పి, నా వేలు పెట్టించాడు. టిక్, టిక్, టిక్. కొట్టిన దెబ్బ బాల్స్ మీదుగా వెళ్లి రేసు దారిలో చుక్కలు చుక్కలుగా గుంటలు పెట్టింది. కిలోమీటరు కూడా తిరగని బేరింగ్ పాతదైపోయింది. బిగువుగా కూర్చోవాల్సింది బయటి రేసు, కాబట్టి బలం దానికే తగలాలి. అందుకే ఆయన పాత బయటి రేసులను పారేయడు. గ్రైండర్‌తో పైన కొద్దిగా అరగదీసి, వాటినే కొత్తవి నొక్కే రింగులుగా వాడతాడు. జీతంలో కోస్తారని ఆ రాత్రంతా దొర్లాను. కోయలేదు. ఆయన ఎవరికీ చెప్పలేదని తర్వాత తెలిసింది.

రెండు బేరింగుల మధ్య గొట్టంలాంటి స్పేసర్ మర్చిపోతే నట్టు బిగించిన కొద్దీ లోపలి రేసులు రెండూ ఒకదాని వైపు ఒకటి నొక్కుకుని బాల్స్ మాడిపోతాయి. అందుకని ఏది విప్పినా వచ్చిన వరసలోనే గుడ్డ మీద పేరుస్తాను. నట్టు మాన్యువల్‌లో ఉన్న టార్క్‌కే (బిగువు కొలత) బిగించాలి, స్ప్లిట్ పిన్ ప్రతిసారీ కొత్తదే వేయాలి. మిగతాదంతా విప్పినదాన్ని వెనకనుంచి చేయడమే.

ఉస్తాద్ పోయిన ఏడాది వాళ్ల దేశం వెళ్లిపోయాడు. ఇప్పుడు షెడ్డు నాది. నీళ్ల గన్ దగ్గరికి మనవాడే ఒక కుర్రాడు వచ్చాడు. మొన్న చూస్తే నాజిల్ హబ్‌కు ఆనించినంత పని చేస్తున్నాడు, మేనేజరు వేలు ఎత్తి చూపిస్తున్నాడు.

"తమ్ముడూ, హబ్ దగ్గర గన్ వద్దు. కాసేపు చల్లారనిచ్చి, మామూలు పైపు, బ్రష్షు."

"బురద పోదన్నా. టైం పడుతుంది. ఆయన తిడతాడు."

తిట్టాడు కూడా. మర్నాడు మేనేజరు షెడ్డులోకి వచ్చి వాచీ చూపించాడు. ఆయన భాషలో సీలు గురించి, గాలి కుంచించుకోవడం గురించి చెప్పేంత మాటలు నాకిప్పటికీ లేవు. బల్ల మీద 14వ నంబరు బండి నకుల్ ఉంది. స్క్రూడ్రైవర్‌తో సీలు ఎత్తి, ఆయన చేయి పట్టుకుని అరచేతిలో వంచాను. తెల్లటి జిగురు, తుప్పు నీళ్లు. గోడ మీద గన్ చూపించి 'ష్‌ష్‌ష్' అన్నాను.

ఏమీ అనకుండా చేయి తుడుచుకుని వెళ్లిపోయాడు. మూడో రోజు సామాన్ల బండిలో రెండు బ్రష్షులు వచ్చాయి.