పిన్ని తలనొప్పి బిళ్ల

రోళ్లు పగిలే రోహిణి కార్తె ఎండలో మా పిన్ని సాక్సులు వేసుకుని ఆటో ఎక్కింది. పాదాలు చల్లబడిపోతున్నాయట. నాలుగడుగులు వేస్తే పిక్కలు పట్టేస్తున్నాయి, కాసేపు నిలబడితే సర్దుకుంటున్నాయి. ఎదురింటావిడ సయాటికా అని ఎప్పుడో తేల్చేసింది.

"ఏం మందులు వాడుతున్నారమ్మా?" అని డాక్టరుగారు అడిగితే "ఏమీ లేవండీ, బీపీ, షుగర్ కూడా లేవు" అంది. పార్శ్వపు నొప్పి (మైగ్రేన్) బిళ్ల ఆవిడ లెక్కలో మందు కాదు, కాఫీపొడితో పాటు నెల సరుకుల్లో వచ్చేది. నేనే ఆవిడ బ్యాగులోంచి షీటు తీసి ఇచ్చాను. ఆయన వెనక్కి తిప్పి చదివి, "ఎర్గోటమిన్... రోజూ వేసుకుంటారా?" అన్నారు. రోజూ రెండు.

ఎడమ పాదం మీద వేలు పెట్టి, జరుపుతూ, నొక్కుతూ చాలాసేపు వెతికారు. నాడి అందలేదు. రక్తప్రవాహం చూసే డాప్లర్ స్కాన్‌లో కొవ్వు పేరుకున్న జాడ లేదు, రక్తనాళాలే బిగుసుకుపోయి సన్నబడ్డాయి.

మైగ్రేన్‌లో ఉబ్బిన నాళాలను ఈ మందు బిగిస్తుంది. తలలోవే బిగించి ఊరుకోదు, కాళ్లలోవీ, గుండెవీ కూడా. బిళ్లకు ఒక మిల్లీగ్రాము. వారానికి 10 దాటకూడదు, పిన్నివి 14. దానికి తోడు పోయిన నెల గొంతు నొప్పికి క్లారిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ కోర్సు వాడింది. అది ఎర్గోటమిన్‌ను కాలేయంలో విరగనివ్వదు, ఒంట్లోనే పోగుపడేలా చేస్తుంది. ఆ రెండూ కలపకూడదని ఎవరు చెప్పాలి? ఒకటి రాసినాయనకు రెండోది ఉందనే తెలియదు.

రాత్రి కూర్చుని చదివాను. గోధుమలాంటి రై ధాన్యం కంకులకు పట్టే ఎర్గాట్ బూజు నుంచి 1918లో స్విట్జర్లాండ్‌లో ఆర్థర్ స్టోల్ విడదీసిన పదార్థమిది. ఆ బూజు పట్టిన గింజల రొట్టె తిని మధ్యయుగాల యూరప్‌లో కాళ్లూ చేతులూ నల్లబడి ఊడిపోయేవారట. సెయింట్ ఆంథొనీ మంట అనేవారు. ఈ ముక్క పిన్నికి చెప్పలేదు.

బిళ్ల పూర్తిగా మానేస్తే నాళాలు చాలావరకు తెరుచుకుంటాయన్నారు. మొదటి వారం, పది రోజులు తలనొప్పి ఎక్కువవుతుందని కూడా చెప్పారు. మైగ్రేన్‌కే వాడే ఇంకో మందు, సుమాట్రిప్టాన్ సంగతి అడిగాను; అదీ నాళాలను బిగించేదే, వద్దన్నారు. పిన్ని మాత్రం దారంతా ఒకటే పాట: "కాలు సంగతి సరేరా, రేపు తల పగిలిపోతే ఏం వేసుకోను?"

ఆటో మలుపు తిరిగేసరికి మందుల షాపు కుర్రాడు చెయ్యూపాడు. "అమ్మగారూ, స్టాకొచ్చింది!"