చీనీ (బత్తాయి) కాయలు పెద్ద కంపెనీకి అమ్మినాం – రేటు కన్నా ముందు కాటా ఎక్కడ వేస్తారో అడగండి (నా అనుభవం)

మాది అనంతపురం జిల్లా నార్పల వైపు. చీనీ, అరటి పండించే రైతులం కలిసి పెట్టుకున్న ఉత్పత్తిదారుల కంపెనీ (ఎఫ్‌పీఓ) ఒకటుంది, దానికి సీఈఓ అని నన్ను కూర్చోబెట్టినారు. పేరుకే సీఈఓ, చేసేది మాత్రం క్రేట్లు లెక్కపెట్టడం నుంచి ఆడిటర్ ఆఫీసు మెట్ల మీద వెయిట్ చేయడం దాకా అన్నీ. పోయిన సీజన్లో మా చీనీ కాయల్ని బెంగళూరులో ఒక పెద్ద సూపర్‌మార్కెట్ కంపెనీకి డైరెక్టుగా ఇచ్చినాం, అప్పట్నుంచి చుట్టుపక్కల ఎఫ్‌పీఓల వాళ్లు ఫోన్ చేసి ఎట్ల చేసినారు, కేజీకి ఎంత ఇచ్చినారు అని అడుగుతాండారు. ఒక్కొక్కరికీ చెప్పలేక ఇక్కడ రాస్తున్నా. రేటు ఒక్కటే తెలుసుకోవాలనుకునేవాళ్లు కింద లెక్క ఉంది చూసుకోండి, కానీ లెక్క పైన ఉన్నది చదవకపోతే ఆ రేటుతో పనేం లేదు.

మా వాళ్లకి పెద్ద మార్కెట్ కొత్తేం కాదు. 2020 జనవరిలో తాడిపత్రి నుంచి ముంబై జేఎన్‌పీటీ పోర్టుకి అరటి కాయలు కంటైనర్ల రైల్లో పోయినాయి, అదే ఏడాది సెప్టెంబరు 9న అనంతపురం నుంచి ఢిల్లీ ఆదర్శ్‌నగర్‌కి కిసాన్ రైలు పోయింది. అందుకని ఊర్లో మీటింగ్ పెడితే "రైళ్లే ఎక్కిచ్చినాం, బెంగళూరు ఎంత లేబ్బా" అన్నారు అందరూ. రైలుకి ఎక్కించడం వేరు, సూపర్‌మార్కెట్ గోడౌన్‌లో దించడం వేరు అని అప్పటికి ఎవరికీ తెలీదు.

మాకు అసలు మంట సూట్ దగ్గర. తెలీనివాళ్లకి చెప్తున్నా, మా వైపు చీనీ వ్యాపారంలో టన్నుకి వంద కేజీల దాకా సూట్ అని తీసేస్తారు, అంటే వెయ్యి కేజీలు తూకం వేసి తొమ్మిది వందలకే డబ్బులిస్తారు. ఎందుకయ్యా అంటే దెబ్బతిన్న కాయ, పచ్చి కాయ, మంగు కాయ (నల్లి వల్ల తొక్క మచ్చపడిన కాయ) వస్తుంది కదా అంటారు. ఒక్క మంగు కాయ కూడా లేని తోటకైనా అదే సూట్. ఇది తప్పించుకోవాలనే మాకు డైరెక్టు అమ్మకం మీద ఆశ పుట్టింది.

2025 ఆగస్టు చివర్లో అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతం చేసింది కదా, ఆ దెబ్బకి రొయ్యల రైతులు కూడా ఇక్కడి హోటళ్లు, సూపర్‌మార్కెట్లు, క్యాటరింగ్ కంపెనీల కోసం వెతకడం మొదలుపెట్టినారు. ఆ టైములోనే రైతులకి, పెద్ద కొనుగోలుదార్లకి కలిపి ఒక మీటింగ్ పెడితే మేమూ పోయినాం. హాల్లో ఒక్కో గుంపుకి ఒక్కో టేబుల్, మా పక్క టేబుల్ నెల్లూరు నుంచి వచ్చిన రొయ్యల రైతులది. వాళ్లు థర్మాకోల్ పెట్టెలో ఐస్ వేసి సైజుల వారీగా రొయ్యలు పెట్టుకున్నారు, మేము మాత్రం ఒక బుట్టలో చీనీ కాయలు పోసి ముందు పెట్టుకుని కూర్చున్నాం. కొనేవాళ్లు వచ్చి "మీ గ్రేడ్లు ఏంటి" అంటే మావాళ్లు "మంచి కాయ సార్" అన్నారు, అదే ప్రశ్న పక్క టేబుల్లో అడిగితే "30 కౌంట్ ఇంత, 50 కౌంట్ ఇంత" అని టకటకా చెప్తున్నారు. 30 కౌంట్ అంటే కేజీకి 30 రొయ్యలు తూగేది, కౌంట్ తగ్గేకొద్దీ రొయ్య పెద్దది, రేటు ఎక్కువ. అంతే సింపుల్.

మధ్యాహ్నం భోజనాల దగ్గర వాళ్లలో ఒకాయనతో మాటలు కలిసినాయి. ఆయన అడిగిన మొదటి ప్రశ్న నాకు ఇప్పటికీ పనికొస్తాంది. "కాటా ఎక్కడ అన్నా మీకు?" అన్నాడు. బెంగళూరులో కొనేవాళ్ల గోడౌన్‌లో అంటున్నారన్నా అంటే నవ్వి, "మాకు చెరువు గట్టు మీదే. పట్టుబడికి (రొయ్యలు పట్టేదానికి) ముందే శాంపిల్ ల్యాబ్‌కి పోతుంది, యాంటీబయోటిక్ లేదని రిపోర్టు వస్తేనే వాళ్ల బండి వస్తుంది, ఐస్ వాళ్లది, బండి వాళ్లది, గట్టు మీద కౌంట్ చూసి కాటా వేసినాక అది మా రొయ్య కాదు. రేటు విషయంలో మమ్మల్ని ఏడిపిస్తారు గానీ, పోయిన సరుకు తిరిగొచ్చి మా నెత్తిన పడదు" అన్నాడు. మీ కాయ చెట్టు మీద నాలుగు రోజులు ఆగుతుంది, మా రొయ్య ఆగదు, ఆగలేని మేమే గట్టు మీద కాటా తెచ్చుకుంటే ఆగగలిగిన మీకేమైంది అని కూడా అన్నాడు. ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు.

మీటింగ్ తర్వాత ఆ బెంగళూరు కంపెనీ వాళ్లు వెండర్ ఫారం, అంటే వాళ్లకి సరుకు ఇచ్చేవాళ్లుగా చేరడానికి నింపే ఫారం, పంపినారు. ఈ పేపర్ల గురించి తొందరగా చెప్పేస్తా. మన కంపెనీ పాన్, కరెంట్ అకౌంట్ క్యాన్సిల్డ్ చెక్కు, రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ ఇవన్నీ ఎవరి దగ్గరైనా ఉంటాయి. ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రత లైసెన్సు) మాత్రం చూసుకోండి. సొంతంగా పండించి అమ్ముకునే రైతుకి అది అక్కర్లేదు గానీ మనం కొని అమ్మే కంపెనీ కాబట్టి కావాలి, అప్పటి రూలు ప్రకారం టర్నోవర్ 12 లక్షలు దాటిందని మమ్మల్ని రిజిస్ట్రేషన్ కాదు, స్టేట్ లైసెన్సు తీసుకోమన్నారు, వాళ్ల ఫోస్కాస్ పోర్టల్లో అప్లై చేసుకోవచ్చు. జీఎస్టీ దగ్గర మా ఆడిటర్, వాళ్ల అకౌంట్స్ డిపార్ట్‌మెంట్ ఇద్దరి మధ్య నేను నలిగిపోయినా. తాజా పండ్లకి జీఎస్టీ లేదు, అవి మాత్రమే అమ్మేవాళ్లకి నంబర్ తీసుకోవాల్సిన పని లేదు అని ఆడిటర్, ఆయన చెప్పింది కరెక్టే. కానీ వాళ్ల కంప్యూటర్లో ఆ గడి ఖాళీగా ఉంటే వెండర్ కోడ్ పుట్టదంట! చివరికి నంబర్ తీసుకున్నాం, ఇప్పుడు పన్ను కట్టకపోయినా రిటర్నులు మాత్రం వేస్తాన్నాం. బిల్లు ట్యాక్స్ ఇన్వాయిస్ కాదు, పన్ను లేని సరుకుకి రాసే బిల్ ఆఫ్ సప్లై రాయాలి. తాజా పండ్లకి ఈ-వే బిల్లు అక్కర్లేదు గానీ చెక్‌పోస్టులో అడిగితే చూపించడానికి డ్రైవర్ దగ్గర బిల్లు కాపీ ఉండాలి. పురుగుమందుల అవశేషాల రిపోర్టు కూడా అడుగుతారు, ఎన్ఏబీఎల్ గుర్తింపు ఉన్న ల్యాబ్‌దే ఒప్పుకుంటారు, మంగు కోసం నల్లి మందు కొట్టిన తోటలో ఆ మందు డబ్బా మీద రాసిన గడువు దాటకముందే శాంపిల్ పంపితే డబ్బు దండగ.

కోడ్ వచ్చింది, మొదటి బండ్లు పోయినాయి. పొద్దున బెంగళూరు గోడౌన్‌లో మా స్లాట్ (సరుకు దించే టైము), అంటే ముందు రోజు సాయంత్రానికే బండి కదలాలి, దానికోసం తెల్లారకముందే కోత మొదలుపెట్టాలని వాళ్ల ఆఫీసు నుంచి ఒకటే ఫోన్లు. నవంబరు మంచు, కాయ మీద నీళ్లు కారతాంటే కోసినారు కూలీలు. మా తోటలో గ్రేడింగ్ చేసేటప్పుడు కాయ నిగనిగలాడతా ఉంది, ఒక్క మచ్చ లేదు. గోడౌన్‌లో మూత తీసేసరికి తొక్క మీద అక్కడక్కడా గోధుమ రంగు మచ్చలు, అవీ కొన్ని చోట్ల వేలిముద్రలు పడినట్టే. తర్వాత ఉద్యానశాఖ వాళ్లని అడిగితే చెప్పినారు, తడి మీద ఉన్న చీనీ కాయ తొక్క బిగుసుకుని ఉంటుంది, గట్టిగా పట్టుకుంటే తొక్కలో ఉండే నూనె బయటికొచ్చి ఆ చోటు మాడుతుంది, కానీ ఆ మచ్చ కనపడేది ఒకట్రెండు రోజులకి. లోపల కాయకి ఏమీ కాదు, రసం అంతే తియ్యగా ఉంటుంది. అయినా వాళ్లు రిజెక్ట్ అన్నారు. తడి ఆరకముందే కొయ్యమన్నది వాళ్లే, రిజెక్ట్ చేసింది వాళ్లే, ఆ కాయని అక్కడ నుంచి తీసుకుపోవాల్సింది మేము! ఊరు కాని ఊర్లో సాయంత్రం వేళ టన్ను కాయలు పెట్టుకుని జ్యూస్ షాపులోళ్లకి ఫోన్లు చేస్తే వాళ్లకి మన అవసరం తెలిసిపోతుంది కదా, ఎంత అడుగుతారో మీరే ఊహించుకోండి.

ఇప్పుడు లెక్క. రేట్లు రోజూ మారతాయి కాబట్టి ఉదాహరణకే చెప్తున్నా. ఒక తోటలో 10 టన్నులు కాయ, మండీ రేటు కేజీ 25. సూట్ పోను రైతుకి 2,25,000. అదే కాయని గ్రేడ్ చేసి 6 టన్నులు కంపెనీకి 32 లెక్కన ఇస్తే 1,92,000. మిగిలిన 4 టన్నులు మండీకి పోతుంది, కానీ దానికి 25 రాదు, ఎందుకంటే మంచి కాయ మనం ఏరేసినాం. మండీలో వ్యాపారి నా మొహం మీదే అన్నాడు, "మీగడ వాళ్లకి పోసి మజ్జిగ మాకు తెస్తాండావే" అని. తప్పేం లేదు ఆయన మాటలో. సూట్ పోను 15 అనుకుందాం, 60,000. మొత్తం 2,52,000. ఇందులో గ్రేడింగ్ కూలి కేజీకి ఒక రూపాయి, బెంగళూరు లారీ కేజీకి రెండు, 6 టన్నులకి 18,000 తీసేస్తే 2,34,000. అంటే ఇంత హడావుడికీ మిగిలింది 9,000. ఇప్పుడు ఆ 6 టన్నుల్లో ఒక్క టన్ను రిజెక్ట్ అయి 12కి పోయిందనుకోండి, 20,000 పోతాయి, 2,14,000 మిగులుతుంది, మండీకి పోసింటేనే బాగుండేది. 32 అనే నంబర్ చూసి చప్పట్లు కొట్టిన మా డైరెక్టర్లకి ఈ లెక్క బోర్డు మీద రాసి చూపించినాక హాల్లో చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు.

అప్పుడు నెల్లూరాయన మాట పట్టుకుని మళ్లీ కూర్చున్నాం కంపెనీ వాళ్లతో. కాటా తోటలోనే, లేదా మా షెడ్డులో అన్నాం. మీ క్వాలిటీ మనిషి ఇక్కడికే వచ్చి చూసి సంతకం పెట్టాలి, పెట్టినాక అది మీ కాయ, లారీ మీది. వాళ్లు ఊరికే ఒప్పుకోలేదు. రేటు 30కి దించినారు, ఇండెంట్ (ఇంత కావాలని ఆర్డరు) ఇచ్చిన రోజు చెప్పిన టన్నులు ఇవ్వకపోతే డబ్బులో కోత పెడతామన్నారు, ఫుల్ లోడ్ అయితేనే బండి పంపుతామన్నారు. ఫుల్ లోడ్‌కి మేము అరటి కూడా కలిపినాం, అది వాళ్లకీ కావాల్సిందే. 30 అంటే మా డైరెక్టర్ ఒకాయన లేచి పోబోయినాడు, కూర్చోబెట్టి మళ్లీ లెక్క చెప్పినా: 6 టన్నులకి 1,80,000, మండీ కాయ 60,000, గ్రేడింగ్ కూలి 6,000 తీసేస్తే అదే 2,34,000. చేతికొచ్చేది అంతే, బెంగళూరులో టన్ను కాయ పెట్టుకుని ఏడ్చే పని లేదు. కోత కూడా మంచు ఆరినాకే అని రాయించుకున్నాం.

క్వాలిటీ పిల్లోడు మంచోడే వచ్చినాడు. వాడి దగ్గర రిఫ్రాక్టోమీటర్ అని చిన్న గొట్టం ఉంటుంది, కాయ కోసి రెండు చుక్కల రసం దాని అద్దం మీద వేసి వెలుగు వైపు పెట్టి ఒక కన్ను మూసి చూస్తాడు, ఎంత తీపో నంబర్ కనిపిస్తుందంట. మా పెద్దాయన ఒకరు అది చూసి "ఏం నాయనా, నోట్లో వేసుకుంటే తెలీదా నీకు" అన్నాడు. వాడు నవ్వి మిగతా కాయ తినేసినాడు. సైజుకి మేము ఇనుప రింగులు చేయించుకున్నాం, రింగులోంచి జారిపోతే అది A గ్రేడ్ కాదు. దీంతో కూలీలతో వాదనలు సగం తగ్గినాయి.

ఇంక డబ్బులు. ఒప్పందంలో 21 రోజులు అని ఉంటుంది, ఆ 21 రోజులు బండి కదిలిన రోజు నుంచి కాదు, వాళ్ల సిస్టంలో జీఆర్‌ఎన్ (సరుకు ముట్టిందని రాసుకునే రసీదు) పడిన రోజు నుంచి, మన బిల్లులో కేజీలకి జీఆర్‌ఎన్‌లో కేజీలకి తేడా వస్తే అది సరిచేసేదాకా గడియారం ఆగిపోతుంది. రైతు మాత్రం కోసిన రోజే అడుగుతాడు, మండీలో అయితే చేతిలో పెడతారు మరి. అందుకని మేము కోసిన రోజు 70 శాతం ఇచ్చి మిగతాది కంపెనీ డబ్బు పడినాక ఇస్తాన్నాం. ఆ 70 శాతం ఎక్కడ్నుంచి అంటే, మా షేర్ క్యాపిటల్, దానికి తోడు 2020లో కేంద్రం మొదలుపెట్టిన 10,000 ఎఫ్‌పీఓల స్కీములో వచ్చే ఈక్విటీ గ్రాంటు, సభ్యుడికి 2,000 వరకు, ఒక్కో ఎఫ్‌పీఓకి 15 లక్షల వరకు ఇస్తారు, మీరు ఎంత షేర్ కడితే అంతకి సమానంగా. అది సరిపోని వారాల్లో బండ్లు తగ్గించుకున్నాం. లోన్ కోసం నాబ్‌కిసాన్ (నాబార్డు వాళ్ల ఫైనాన్స్ కంపెనీ) లాంటి వాళ్లు ఉన్నారు, ఆర్డర్ కాగితం, రెండేళ్ల ఆడిట్ లెక్కలు చేతిలో పెట్టుకుని పోతే మాట వింటారు. ఊరికే పోతే టీ ఇచ్చి పంపుతారు.

సభ్యులందరూ మాకే ఇస్తాన్నారా అంటే లేదు. పిల్లల ఫీజులు, బోరు రిపేరు ఉన్నోళ్లు ఇప్పటికీ మండీకే పోతారు, నేను కాదనను. కాకపోతే మండీలో కూడా మా సభ్యులు గ్రేడ్ చేసుకుని పోతే సూట్ తగ్గించమని అడగడం మొదలుపెట్టినారు, ఒకరిద్దరు వ్యాపారులు ఒప్పుకుంటాండారు కూడా.

వచ్చే సీజన్‌కి ఒప్పందం మళ్లీ రాసుకున్నాం, ఈసారి రేటు వారం వారం మండీ రేటు చూసి దానిమీద ఇంత అని. క్రేట్ల గురించి మాత్రం ఎవరైనా చెప్పండి. మావి వందల్లో బెంగళూరు పోయినాయి, తిరిగొచ్చినవాటిలో సగం మీద వేరే కంపెనీల పేర్లున్నాయి.