కార్తీకంలో కప్పలు, కాలిఫోర్నియాలో న్యూట్లు

న్యూట్లనూ సాలమాండర్లనూ ఫొటో తీయాలని ఉబలాటపడే వారెవరైనా నెల్లూరు జిల్లాలో ఉంటే, వారికి ముందుగా చెప్పవలసిన మాట ఒకటుంది. ఇవి బల్లిలా తోక ఉన్న ఉభయచరాలు; అలాంటి ఉభయచరం మన జిల్లాలోనే కాదు, దక్షిణ భారతంలో ఎక్కడా లేదు. మన దేశంలో అవి తూర్పు హిమాలయాలకూ ఈశాన్య రాష్ట్రాలకూ పరిమితం. జువాలజీ చదివిన వారు టైలోటోట్రైటాన్ అన్న న్యూట్ల ప్రజాతి పేరును పరీక్ష కోసమైనా బట్టీ పట్టి ఉంటారు. ఆ ప్రజాతికే చెందిన, డార్జిలింగ్ కొండల చెరువుల్లో కనిపించే హిమాలయ న్యూట్‌ను 2015లో ప్రత్యేక జాతిగా గుర్తించి పేరు పెట్టారు. అయితే సంక్రాంతి సెలవులు కలిసివచ్చాయి కదా అని కెమెరా సర్దుకుని అక్కడికి బయలుదేరితే ప్రయాణ ఖర్చు తప్ప మరేమీ మిగలదు, ఎందుకంటే అది చలికాలమంతా రాళ్ళ కింద, మట్టిలో ముడుచుకుని ఉండి, వానలు మొదలయ్యాకే నీటికి చేరుతుంది.

నేను న్యూట్లను చూసింది మా అక్కావాళ్ళు ఉంటున్న కాలిఫోర్నియాలో, అదీ అక్కడి చలికాలంలో. బర్క్‌లీ కొండల మీద టిల్డెన్ పార్కులో సౌత్ పార్క్ డ్రైవ్ అనే రోడ్డును ఏటా నవంబరు నుంచి మార్చి ఆఖరి దాకా కార్లకు మూసివేస్తారు. చెరువులకు వెళ్ళే న్యూట్లు ఆ రోడ్డు దాటుతూ చక్రాల కింద పడకుండా ఉండడానికే ఆ ఏర్పాటు. మనకు చలికాలపు జంతువు అనగానే చలిని ఇష్టపడే జంతువన్న అభిప్రాయం కలుగుతుంది కానీ, దీన్ని బయటకు రప్పించేది చలి కాదు, తడి. అక్కడ వేసవిలో చుక్క వాన ఉండదు. ఆ నెలలన్నీ న్యూట్లు ఉడతలు తవ్విన బొరియల్లోనూ పడిపోయిన చెట్ల కిందా కాలం గడిపి, శీతకాలపు వానలు పడగానే తాము పుట్టిన నీటి వైపు నడక మొదలుపెడతాయి.

కాలిఫోర్నియా న్యూట్ నడక ఫొటోగ్రాఫరుకు వరమనే చెప్పాలి. పైన గోధుమ రంగు, కింద నారింజ రంగు ఉన్న ఆ జీవి తడిసిన ఆకుల మీద ఒక్కొక్క కాలే ఎత్తి వేస్తూ, ఎవరి కోసమూ తొందరపడదు. దానికి ఆ ధీమా ఊరికే రాలేదు. విషపు చేపల్లో ఉండే టెట్రోడోటాక్సిన్ దీని చర్మంలోనూ ఉంది. బెదిరిస్తే తలనూ తోకనూ పైకి వంచి నారింజ రంగు పొట్టను చూపుతుంది. ఆ భంగిమ ఫొటోలో అద్భుతంగా ఉంటుందని దాన్ని కావాలని రెచ్చగొట్టేవారున్నారు. నాకు అది నచ్చదు; భయపడిన జంతువు ఫొటోలో భయమే కనబడుతుంది. అక్కడే దాదాపు ఇదే రూపంలో గరుకు చర్మపు న్యూట్ అని మరొకటి ఉంది. పైనుంచి చూసినప్పుడు కళ్ళు తల అంచు దాటి బయటకు పొడుచుకువచ్చి, కింది రెప్ప లేత రంగులో ఉంటే అది కాలిఫోర్నియా న్యూట్. కళ్ళు అంచు లోపలే ఉండి, కింది రెప్ప ముదురుగా ఉంటే రెండోది. అందుకే పక్కనుంచి ఎంత మంచి ఫొటో వచ్చినా, పైనుంచి కూడా ఒకటి తీసి ఉంచుకోవడం మంచిది.

దుంగల కింద వెతికేటప్పుడు సన్న సాలమాండర్ కనిపిస్తుంది. కాళ్ళు ఎంత చిన్నవంటే మొదటి చూపులో వానపామనే అనుకుంటాము. దీనికి ఊపిరితిత్తులు లేవు. గాలి పీల్చే పనంతా తడి చర్మమూ నోటి లోపలి పొరా చేస్తాయి. కాబట్టి దోమల మందో సన్‌స్క్రీనో పూసుకున్న చేత్తో దాన్ని ముట్టుకుంటే ఎంత హాని జరుగుతుందో ఊహించుకోవచ్చు. దుంగను తిరిగి పెట్టేటప్పుడు జంతువును ముందుగా పక్కకు పోనిచ్చి, దుంగను ఉన్న చోటనే ఉన్నట్టుగా ఉంచాలి. అప్పుడది తనంతట తానే అంచు కిందినుంచి లోపలికి వెళ్ళిపోతుంది.

ఇక మన జిల్లా సంగతి. నైరుతి రుతుపవనాలు మనకు ముఖం చూపించి పోతాయి. ఏడాది వానలో సగానికి పైగా అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలల్లోనే, బంగాళాఖాతంలో అల్పపీడనం ఏర్పడినప్పుడల్లా కురుస్తుంది. దేశంలో చాలా చోట్ల కప్పల కాలం ముగిసిపోయే వేళకు మన పెన్నా కింది మాగాణుల్లో అది జోరందుకుంటుంది. న్యూట్ల కోసం కాలిఫోర్నియాలో తిరిగే నెలల్లోనే మనం ఇక్కడ టార్చి పట్టుకుని గట్ల మీద తిరగవచ్చు. గమ్‌బూట్లు మాత్రం తప్పనిసరి. ఒక రాత్రి నారుమడి దగ్గర నన్ను చూసిన ఒక రైతు, "ఏంది సారూ, ఈ వానలో కప్పలకు ఫొటోలు తీస్తా ఉండారా?" అని నవ్వి, వెంటనే, "కప్పలుండే కాడ రక్తపింజరి ఉంటది, చూసి అడుగెయ్యండి" అన్నాడు. ఎన్ని వన్యప్రాణి పుస్తకాలు చదివినా అంతకంటే పనికివచ్చే సలహా నాకు దొరకలేదు.

పసుపు రంగుకు తిరిగిన మగ బోదురుకప్పలు, మెడకు రెండు వైపులా నీలం సంచులు ఉబ్బించి అరిచే దృశ్యం అందరికీ తెలిసిందే. వీటి కాళ్ళ ఎగుమతిని భారత ప్రభుత్వం 1987లో నిషేధించింది. నాకు మాత్రం బెలూన్ కప్ప మీదనే మనసు. ఏడాదిలో ఎక్కువ భాగం నేలలోనే గడిపి, గట్టి వాన పడ్డ రాత్రి పైకి వస్తుంది. మగది నీటి మీద ఒళ్ళంతా ఉబ్బించి తేలుతూ అరుస్తుంది. తిరిగి నేలలోకి వెళ్ళేటప్పుడు వెనక కాళ్ళ అడుగున పార లాంటి గట్టి బొడిపెతో మట్టిని తోస్తూ, ఒళ్ళు అటూ ఇటూ తిప్పుతూ, వెనక్కి వెనక్కే దిగిపోతుంది. ముందు నడుము, తర్వాత ముందుకాళ్ళు, చివరికి ముక్కూ కళ్ళూ మట్టిలో కలిసిపోతాయి. దీన్ని ఫొటోల వరుసగా తీయాలంటే పొట్ట మీద బురదలో పడుకోక తప్పదు.

తడి చర్మం ఫ్లాష్ వెలుగును అద్దంలా తిప్పికొట్టి, ఒంటి మీద తెల్లటి మచ్చలు వేస్తుంది. ఖరీదైన లెన్సుకంటే ముందు ఫ్లాష్‌కు మంచి డిఫ్యూజర్ సమకూర్చుకోవాలన్నది నా అభిప్రాయం; ట్రేసింగ్ పేపరును రెండు పొరలుగా బిగించి, ఫ్లాష్‌ను పక్కకు జరిపి కాస్త పైనుంచి పెడితే ఆ మచ్చలు చాలావరకు మెత్తబడతాయి. కెమెరాను కప్ప కంటి ఎత్తుకు దించి, ఫోకస్ దాని కంటి మీదే నిలపాలి. ఏసీ గదిలోంచి తీసిన కెమెరాను నేరుగా వాన గాలిలోకి తెస్తే లెన్సు మసకబారుతుంది. బయలుదేరే ముందే కొంతసేపు వరండాలో ఉంచితే సరిపోతుంది. కప్పను ఫ్రిజ్‌లో చల్లబరచి పువ్వు మీద కూర్చోబెట్టే పద్ధతి ఇంకా అక్కడక్కడ సాగుతోంది. ఆ ఫొటోలకు వచ్చే మెప్పు చూసి ఈర్ష్యపడనవసరం లేదు.

విదేశాల నుంచి తిరిగి వచ్చిన వారు మన గట్ల మీదకు దిగే ముందు బూట్లను కడిగి, పూర్తిగా ఎండబెట్టాలి. 2013లో వర్ణించిన ఒక చర్మపు ఫంగస్ నెదర్లాండ్స్‌లో ఫైర్ సాలమాండర్లను దాదాపు తుడిచిపెట్టింది. 2016లో అమెరికా 201 సాలమాండర్ జాతుల దిగుమతిని ఆపింది ఆ భయంతోనే. కప్పలను చంపే దాని సోదర ఫంగస్ కూడా తడిని ఆశ్రయించేదే. మా మేనల్లుడు ఈ కార్తీకంలో నెల్లూరు వస్తున్నాడు. టిల్డెన్ బురద అంటిన బూట్లు అక్కడే వదిలి, ఇక్కడ ట్రంకు రోడ్డు మీద కొత్త గమ్‌బూట్లు కొనుక్కొమ్మని ముందే చెప్పాను.