కొండగుడి ఎక్కుతూ సిలువ మార్గం

తపస్సుకాలంలో, అంటే ఈస్టరుకు ముందు నలభై రోజుల్లో, శుక్రవారం కొండగుడికి నడిచి ఎక్కాలనుకునేవాళ్ళు సాయంత్రం నాలుగున్నర దాటాకే బయలుదేరడం మంచిది. విశాఖలో మార్చి వచ్చేసరికే ఉక్క మొదలవుతుంది. మధ్యాహ్నం చెప్పులు విడిచి ఎక్కితే అరికాళ్ళు కాలి, ధ్యాసంతా వాటి మీదే ఉంటుంది. మొక్కు లేనివాళ్ళు చెప్పులతో ఎక్కినా తప్పేమీ లేదు.

వన్‌టౌన్‌లో పాత పోస్టాఫీసు దగ్గర బస్సు దిగి రేవు వైపు వస్తే రాస్ కొండ. 1864లో రాస్ దొర దీని మీద ఇల్లు కట్టుకున్నాడు. ఆ తర్వాత అదే మరియమాత గుడి అయింది. పక్కనే దర్గా కొండ, వెంకటేశ్వరస్వామి కొండ. చీకటి పడే వేళ అవతల నుంచి అజాన్ వినబడితే మేం చదువుతున్నది ఆపి, అది అయ్యాక అందుకుంటాం. డిసెంబరు 8 ఉత్సవానికైతే ఇసుకేస్తే రాలనంత జనం. నిదానంగా ధ్యానం చేసుకోవాలంటే ఆ రోజు కుదరదు.

సిలువ మార్గమంటే యేసుకు శిక్ష వేసినప్పటి నుంచి సమాధి చేసేదాకా జరిగినవి తలచుకుంటూ, ఆగి ఆగి చేసే ప్రార్థన. అందులో ఆగే చోట్లు, అంటే స్థలాలు, 14. ఒక్కో స్థలానికి వాక్యం, కాసేపు మౌనం, పరలోక జపం, మంగళవార్త జపం, త్రిత్వ స్తోత్రం. మూడేసి నిమిషాలు వేసుకున్నా 42 నిమిషాలు, నడకతో కలిపి గంట దాటుతుంది. ఇక్కడే ఎక్కువగా దెబ్బతింటాం. పుస్తకం పట్టుకున్నవాళ్ళు కుర్రాళ్ళయితే గబగబా పైకి పోయి చదివేస్తారు. మోకాళ్ళ నొప్పులవాళ్ళు రొప్పుతూ అక్కడికి చేరేసరికి జపం అయిపోతుంది, మళ్ళీ నడక. అందరికంటే నెమ్మదిగా నడిచేవాళ్ళను ముందు పెట్టాలి, ఆఖరివాళ్ళకు ఊపిరి అందాకే చదువు మొదలవ్వాలి. కొవ్వొత్తులు సముద్రపు గాలికి నిలవవు. అడుగు కోసేసిన నీళ్ళ సీసాను తొడుగులా పెడితే కొంత నయం. మైనం మెట్ల మీద కారితే వెనకవాళ్ళు జారతారు, అది గుర్తుండాలి.

ఉపవాసం సంగతి కూడా చెప్పాలి. 18 నుంచి 59 ఏళ్ళవాళ్ళకు ఉపవాస నియమం తపస్సుకాలం మొదలయ్యే విభూది బుధవారం, గుడ్ ఫ్రైడేలకే. మిగతా శుక్రవారాలు మాంసం మానితే చాలు. జబ్బు మనుషులకు మినహాయింపు ఉంది. షుగరు మాత్ర వేసుకుని ఖాళీ కడుపుతో కొండెక్కి కళ్ళు తిరగడం భక్తి కిందికి రాదు.

3, 7, 9 స్థలాల్లో ప్రభువు పడిపోతాడు. సువార్తల్లో ఈ పడడాలు లేవు, సంప్రదాయం నుంచి వచ్చాయి. 5వ స్థలం మాత్రం మత్తయి, మార్కు, లూకా ముగ్గురూ రాశారు. కురేనీయుడైన సీమోను తనంతట తాను రాలేదు, సైనికులు పట్టుకొచ్చి సిలువ ఎత్తించారు. కేజీహెచ్ పెద్దాసుపత్రి వార్డులో సణుక్కుంటూ రాత్రంతా కూర్చున్న బంధువునూ ఈ సీమోను పక్కన నిలబెట్టొచ్చు. మనస్ఫూర్తిగా రాలేదని ఆ సాయాన్ని తీసిపారేయకూడదు.

10వ స్థలంలో బట్టలు లాగేస్తారు. వెలివేతకు గురైనవాళ్ళు ఎక్కువసేపు ఆగేది ఇక్కడే. మన దగ్గర ఆ వెలివేత అద్దె ఇంటి దగ్గరా ఉంది, పెళ్ళి సంబంధం దగ్గరా ఉంది, కాగితం మీదా ఉంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం దళిత క్రైస్తవులకు ఎస్సీ హోదా లేదు, ఆంధ్రలో వాళ్ళు ఒక్క శాతం రిజర్వేషన్ ఉన్న బీసీ-సిలోకి వస్తారు. దీన్ని నోరు మూసుకుని భరించడమే సహనమని బోధించేవాళ్ళతో మాకు పేచీ. బైబిల్లో యాకోబు లేఖ, కష్టాలన్నీ మీద పడ్డ యోబును ఓర్పుకు ఆదర్శంగా చూపిస్తుంది కదా, ఆ యోబు ఏం చేశాడు? యోబు గ్రంథం 3వ అధ్యాయం నుంచి 31 దాకా, మధ్యమధ్య స్నేహితుల నీతులు వింటూనే, దేవుణ్ణి నిలదీశాడు. ఆయన్ని వదిలి మాత్రం పోలేదు. లూకా 4లో నజరేతువాళ్ళు యేసును కొండ అంచు నుంచి తోసెయ్యబోతే, ఆయన వాళ్ళ మధ్య నుంచే నడిచి వెళ్ళిపోయాడు. తోయించుకుంటూ అంచున నిలబడలేదు. ఇంట్లో దెబ్బలు తింటున్న ఆడమనిషికి ‘ఓర్చుకో తల్లీ’ అని చెప్పి వెనక్కి పంపేవాళ్ళు ఈ వాక్యం ఒకసారి చదవాలి.

ప్రభువు ప్రాణం విడిచే 12వ స్థలం దగ్గర బైబిల్లోని 88వ కీర్తన చదువుతాం. మిగతా మొరల్లా అది చివర్లో ఊరట వైపు తిరగదు, చీకటితోనే ఆగిపోతుంది. దాన్ని అలాగే వదిలెయ్యాలి. వెంటనే హుషారైన పాట అందుకుంటే పెద్ద దుఃఖంలో ఉన్నవాళ్ళు ఒంటరివాళ్ళవుతారు.

పైనుంచి రేవు కాలువ, పాత ఊరు కనిపిస్తాయి. లండన్ మిషనరీలు జార్జ్ క్రాన్, అగస్టస్ డెగ్రాంజెస్ 1805లో ఈ ఊరు వచ్చి, క్రైస్తవుడైన బ్రాహ్మణుడు ఆనందరాయర్ తోడ్పాటుతో సువార్తల్ని తెలుగులోకి తేవడం మొదలుపెట్టారు. క్రాన్ 1809లో, డెగ్రాంజెస్ 1810లో చనిపోయారు. తమ పని అచ్చులో చూసుకునే యోగం ఇద్దరికీ లేదు. మేం కతోలికులం, వాళ్ళు ప్రొటెస్టెంట్లు. అయినా ప్రభువును సమాధి చేసే 14వ స్థలం దగ్గర ఇద్దరి కోసం ఒక మంగళవార్త జపం చెప్పుకుంటాం.

దిగేటప్పుడు మోకాళ్ళకు పని ఎక్కువ. పెద్దవాళ్ళను చెయ్యి పట్టుకుని పక్కనుంచి దింపాలి, ముందు నుంచి లాగకూడదు. చీకటిపడ్డాక టార్చి వెలుగు వాళ్ళ కళ్ళల్లో కాకుండా మెట్ల మీద పడాలి. పోస్టాఫీసు దగ్గర ఆటోలు దొరుకుతాయి.